ఎనిమిది రోజుల సిలోన్

మోహన ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో వదిలేసి వచ్చిన రోజు రాజశ్రీ డ్యూటీలో ఉంది. ఆమె చిత్తూరు డిపోలో కండక్టరు. తిరుపతి బస్టాండులో బస్సు తిరిగి బయలుదేరబోతుండగా ఒక పిల్ల ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఒళ్లో బ్యాగు, కాళ్లకు హాస్టల్ చెప్పులు. టిక్కెట్టు కొట్టడానికి వంగిన రాజశ్రీకి, అది తన కూతురని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

"చిత్తూరుకు ఒకటి," అంది మోహన. కాసేపాగి, "ఇంగ ఆడికి పోను మా," అంది.

బస్సు నిండా జనం. రాజశ్రీ టిక్కెట్టు చేతిలో పెట్టి వెనక్కి వెళ్లిపోయింది. చంద్రగిరి దాటాక తన నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. చిత్తూరు చేరేదాకా ఇద్దరి మధ్య నడిచింది అంతే.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. రాజశ్రీ భర్త లోకేష్ తన అన్న బాలచంద్రతో కలిసి బెల్లం మండీ నడుపుతాడు. తిరుపతిలో ఆ కాలేజీ సీటు ఇప్పించింది బాలచంద్రే. అందుకని లోకేష్‌కు కూతురు వచ్చేసిందన్న బాధకంటే అన్నకు ఏమని చెప్పాలన్న దిగులే ఎక్కువైంది. చివరకు ఒక మార్గం కనిపెట్టాడు. మోహనకు పచ్చకామెర్లు వచ్చాయని, డాక్టరు మూడు నెలలు మంచం దిగొద్దన్నాడని చుట్టాలందరికీ చెప్పాడు.

దాంతో మోహన గది దాటడానికి లేకుండా పోయింది. ఎవరైనా వస్తే దుప్పటి కప్పుకోవాలి. ఎదురింటి వాళ్లు కామెర్లకు మందని కీళానెల్లి ఆకు నూరి తెచ్చిస్తే, చేదు మింగలేక కిటికీలోంచి పారబోసేది. సగం రోజు గోడవైపు తిరిగి పడుకునేది. జుట్టు దువ్వుకోవడం కూడా మానేసింది.

మార్చి నెలలో ఒక సాయంత్రం రాజశ్రీ డ్యూటీ దిగి వచ్చి యూనిఫాం కూడా విప్పకుండా కూతురి మంచం మీద కూర్చుంది. మోహన ఫోన్లో ఏదో చూస్తోంది. పచ్చటి కొండల మీద నీలం రంగు రైలు పోతోంది. తలుపుల దగ్గర జనం కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు.

"ఇది యాడ?"

"సిలోన్లో. చెన్నై నుంచి విమానంలో గంటన్నర."

"అంతేనా? మా బస్సు తిరుపతి చేరేదానికే అంతకన్నా ఎక్కువ పడతాదే. పోదామా?"

మోహన ఫోను బోర్లా పెట్టింది. "ఊరికే అనొద్దు మా."

"ఊరికే అన్లేదు," అంది రాజశ్రీ. నిజానికి ఊరికే అంది. కానీ కూతురి మొహం చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు.

భోజనాల దగ్గర లోకేష్‌కు చెప్పింది. అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నీకేమన్నా మతి పోయిందా? కామెర్లొచ్చిన పిల్ల సిలోన్ పోయిందని చెప్పాల్నా నేను?"

"కామెర్లని చెప్పింది నువ్వు. తగ్గిపోయినాయని కూడా నువ్వే చెప్పుకో."

"అన్నను ఒక మాట అడిగి..."

"నా బిడ్డను నేను పిలుచుకొని పోయేదానికి మీ అన్నను అడిగేదేముండాది?"

అడగాల్సింది లోకేష్‌నే. మోహనకు పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి పాస్‌పోర్టు దరఖాస్తు మీద తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేయాలి. రాజశ్రీ తను చేసి, ఆ కాగితాన్ని లోకేష్ షేవింగు సామాను పక్కన పెట్టింది. పది రోజులు అది అక్కడే ఉంది. అతను రోజూ దాని పక్కనే గడ్డం గీసుకుని వెళ్లేవాడు.

ఆలోగా తన పాస్‌పోర్టు పనికి తిరుపతి వెళ్తూ రాజశ్రీ మోహనను కూడా బయలుదేరదీసింది. రెండు నెలలుగా దుప్పటి కిందే ఉండడంతో ఆ పిల్ల ఎండకు కళ్లు చిట్లించుకుంటూ నడిచింది. బస్సు తిరుపతి శివారుకు వచ్చేసరికి రోడ్డు పక్కన మోహన చదివిన కాలేజీ కనబడింది. రాజశ్రీ మాట మళ్లించాలని చూసింది. మోహనే అటు చేయి చూపించింది.

"మూడో అంతస్తులో, ఆ చివర కిటికీ సూడు. అది మా స్టడీ రూము."

ఆ కిటికీ అద్దాలకు లోపలి నుంచి న్యూస్‌పేపర్లు అతికించి ఉన్నాయి.

"పేపర్లెందుకు?"

"నా వల్లే. ఆడ కూర్చుంటే కొండ కనబడతాది. వాన పడేటప్పుడు మబ్బు కిందికి దిగుతాది మా, సగం కొండ ఉండదు. నేను దాన్నే సూస్తా ఉంటే సారు సూసినాడు. మర్నాడు పేపర్లు అంటించినారు. అందరిచేతా నన్ను తిట్టించినారు, నీ వల్ల మాకు గాలి లేకుండా పోయిందని." ఆ మాట చెప్పేటప్పుడు మోహన గొంతులో ఏడుపు లేదు. "పేపరు కొంచెం చించినాను. నిన్ను రమ్మంటామన్నారు. నువ్వొచ్చే లోపల నేనే వచ్చేసినా."

రాజశ్రీ ఆ రోడ్డు మీద పదహారేళ్లుగా తిరుగుతోంది. ఆ కాలేజీ ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు పోయేది, లోపల బిడ్డ బాగా చదువుకుంటోందని అనుకుంటూ. ఆమెకు కోపం వచ్చింది. ఆ సారు మీద, బావ మీద, మొగుడి మీద, అందరికంటే ఎక్కువ తన మీద.

ఇంటికి రాగానే దరఖాస్తు తీసుకుని మండీకి వెళ్లింది. బెల్లం దిమ్మెల మధ్య కూర్చున్న లోకేష్‌ను బయటకు పిలిచి, కిటికీ సంగతి చెప్పింది.

"కొండను సూసినందుకా?" అన్నాడు.

"కొండను సూసినందుకు."

లోకేష్ పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం మండీ లోపలికి ఒకసారి చూశాడు, అన్న గమనిస్తున్నాడేమోనని.

డిపోలో సెలవు అడగడం అంతకంటే తేలికైంది. వేసవి రద్దీలో ఎనిమిది రోజులా అని మేనేజరు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కారణం అన్నచోట అందరూ రాసే 'సొంత పనులు' రాజశ్రీ రాయలేదు. 'కూతురితో కలిసి కొండలు చూడడానికి' అని రాసింది. ఆయన రెండుసార్లు చదివి, "ఇట్లాంటి లీవు లెటరు నేను సూడలేదమ్మా," అని మంజూరు చేశాడు.

అసలు తగువు తల్లీకూతుళ్ల మధ్య వచ్చింది. రాజశ్రీ ఒక ట్రావెల్స్ దగ్గర ప్యాకేజీ మాట్లాడుకొచ్చింది. నలభై మంది, తెలుగు వంటవాడు, రోజుకు రెండు గుళ్లు.

"తిరుపతి పక్కన పెట్టుకొని గుళ్లు సూసేదానికి సిలోన్ పోవాల్నా?" అంది మోహన.

"ఇద్దరు ఆడోళ్లం. తెలియని దేశం. నలుగురితో పోతే మేలు కదా."

"మళ్లా హాస్టలే కదా మా అది. బెల్లు కొడితే లేయాల, బెల్లు కొడితే తినాల. అట్లయితే నేను రాను."

రాజశ్రీకి ఒళ్లు మండింది. ఇంత మందితో కొట్లాడి తీసుకుపోతుంటే నీకింత పొగరా అంది. మోహన తలుపు వేసుకుంది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు వంటగదిలో, రాగిపిండి డబ్బాకు ఆనించి పెట్టిన నోటుబుక్కు కనబడింది. మొదటి పేజీలో తేదీలు. కొలంబోలో ఒక రాత్రి, కొండల్లో ఆరు రాత్రులు. ఏ రైలు ఎన్నింటికి, కుడివైపు కూర్చోవాలా ఎడమవైపా, ఏ ఊళ్లో ఏ ఇంట్లో గదులు ఇస్తారు, ఆ ఇంటావిడ తమిళం మాట్లాడుతుందా లేదా అని కూడా ఉంది. చివర్లో, 'అమ్మకు చలి. స్వెట్టరు కొనాలి' అని రాసి ఉంది.

రాజశ్రీ నిలబడే అంతా చదివింది. ట్రావెల్స్ వాళ్లకు ఫోను చేసి వద్దని చెప్పేసింది.

టిక్కెట్లు కొన్న వారానికి బాలచంద్ర ఇంటికి వచ్చాడు. చేతిలో శుభలేఖలు. కొత్తగా కట్టిన ఇంటి గృహప్రవేశం మే నాలుగో తేదీ. వీళ్ల విమానం మూడో తేదీ. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు.

"టిక్కెట్లు మార్చుకోండి," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "ఇంటి కోడలు లేకుండా పాలు పొంగిస్తారా ఎక్కడైనా?"

"మే నెలలో ముహూర్తాలు ఇంకా ఉండాయి బావా," అంది రాజశ్రీ. "పంచాంగం నేనూ సూసినాను. మీరు మా తేదీ తెలిసి పెట్టినారు."

లోకేష్ "గమ్మున ఉండు" అన్నాడు. ఆమె ఉండలేదు.

"మీ ఇంటికి పదకొండో తేదీ వస్తాను. గిన్నెలు కడగమంటే కడుగుతా. మూడో తేదీ మాత్రం మేం ఊళ్లో ఉండం."

"సదువు మానేసి వచ్చిన దానికి బహుమానమా ఇది?" బాలచంద్ర గొంతు పెరిగింది. "నేను ఎవుర్ని పట్టుకుంటే వచ్చింది ఆ సీటు? పైగా కామెర్లని మాయమాటలు. నాకు తెలియదనుకున్నారా?"

గది తలుపు తెరుచుకుంది. మోహన బయటకు వచ్చి తండ్రి పక్కన నిలబడింది. తల నున్నగా దువ్వుకుని ఉంది.

"నాకు కామెర్లు రాలేదు పెదనాయనా. కాలేజి నేనే వదిలేసినా. మీరు అందరికీ అదే చెప్పండి, నాయన చెప్పలేకుండా ఉండాడు."

"సిగ్గు లేదా చెప్పేదానికి?"

"లేదు. మూడు నెల్లు దుప్పటి కింద సిగ్గు పడినా, ఇంగ సాలు." "ఇది బహుమానం కాదు. అమ్మ నన్ను పిలుచుకొని పోవడం లేదు, నేనే అమ్మను పిలుచుకొని పోతా ఉండా. తేదీలు నేనే పెట్టినా. మారవు."

బాలచంద్ర తమ్ముడి వైపు చూశాడు. లోకేష్ తల వంచుకున్నాడు కానీ, ఈసారి కూతుర్ని లోపలికి పొమ్మనలేదు. పెద్దాయన శుభలేఖ టీపాయ్ మీద పెట్టి, కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మూడో తేదీన తల్లీకూతుళ్లు చెన్నై బస్సెక్కారు. లోకేష్ బస్టాండు దాకా వచ్చి పెట్టె పైన పెట్టి దిగిపోయాడు. అన్న ఇంట్లో పందిరి పని చూడాలి అతను.

కొండల్లో మొదటి రెండు రోజులూ వాన కురిసింది. మంచు మూసేయడంతో రైలు కిటికీలోంచి పది గజాల దూరం కూడా కనబడలేదు. రాజశ్రీ ఉసూరుమంది. మోహన మాత్రం తలుపు దగ్గర నిలబడి తడుస్తూనే ఉంది. చొక్కా మార్చుకోమంటే వినలేదు. ఏ ఊరు వస్తోందో నోటుబుక్కు చూడకుండా చెప్పింది. మూడో రోజు పొద్దున వాళ్లు దిగిన ఇంటి వసారాలోంచి చూస్తే, ఎండలో టీ తోటలు కిందికి లోయ దాకా మెట్లు మెట్లుగా దిగి ఉన్నాయి. ఇంటావిడ పొగలు కక్కుతున్న టీ తెచ్చి పెట్టి, తమిళంలో, పాప ఏం చదువుతోందని అడిగింది.

"ఇప్పుడు ఏమీ చదవడం లేదు," అంది మోహన తమిళంలోనే. ఆవిడ తలూపి చక్కెర డబ్బా ముందుకు జరిపింది.

అప్పుడే లోకేష్ ఫోను వచ్చింది. గృహప్రవేశానికి వచ్చి ఇంకా ఉండిపోయిన చుట్టాల మాటలు వెనక వినబడుతున్నాయి.

"చలిగా ఉండాదా ఆడ?"

"బాగా ఉండాది. నీ కూతురు స్వెట్టరు నాకిచ్చి తను వణకతా తిరుగుతా ఉండాది."

అతను నవ్వినట్టే అనిపించింది. తర్వాత గొంతు తగ్గించాడు. "ఈడ అందరూ అడగతా ఉండారు మీ గురించి. అన్న కూడా ఈడనే ఉండాడు. ఎప్పుడొస్తారని చెప్పేది?"

"పదో తేదీ అని చెప్పు," అంది రాజశ్రీ. "గట్టిగా చెప్పు, అందరికీ వినబడేటట్టు. యాడికి పోయినారంటే కొండలు సూసేదానికి పోయినారని చెప్పు."

తర్వాత లోకేష్ గొంతు దూరంగా, ఫోనులోకి కాకుండా పక్కనున్న ఎవరితోనో అంటున్నట్టు వినిపించింది. "సిలోన్లో ఉండారు. ఇద్దరూ బాగుండారు. పదో తేదీ దాకా రారు."