పడక్కుర్చీ వాపసు

ముత్యాలయ్యకు ఆయాసం పట్టుకుని రెండేళ్లయింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే కునుకు పట్టదు. మనిషి నిద్రకు మొహం వాచిపోయాడు. అది చూడలేక భార్య కామాక్షమ్మ నెల్లూరులో పెంచలయ్య కొట్టుకు వెళ్లి, ముందు పదిహేను రూపాయలు కట్టి, మిగతాదానికి వాయిదా కార్డు రాయించుకుని, టేకు పడక్కుర్చీ తెచ్చింది.

సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ల పల్లెలో కొత్త చెక్క ఏది వచ్చినా, పడవైనా రోకలైనా, పసుపూ కుంకుమా పెట్టి సముద్రానికి చూపించాల్సిందే. చూపించడమంటే మోకాళ్ల లోతులో మూడు మునకలు. కుర్చీ మాత్రం చెక్క కాదా ఏం! కామాక్షమ్మ దానికీ మూడు మునకలు వేయించి, ఆరబెట్టి, పందిరి కింద సముద్రం వైపు తిప్పి వేసింది.

ఆ మధ్యాహ్నం ముత్యాలయ్య అందులో వాలాడు. చల్లగాలి తగిలిందో లేదో నిద్రపోయాడు. అబ్బ, ఏం నిద్ర! కామాక్షమ్మ పని మానుకుని పక్కన కూర్చుంది. "లాగండ్రా" అని గొణిగాడు నిద్రలో. కలలో వల నిండిందేమో. ఇసుకా నీళ్లూ ఆకాశమూ ఒకే తెల్లటి వెలుగులో కలిసిపోయాయి. తను మేలుకునే ఉందా అన్న అనుమానం వచ్చింది ఆమెకు. ఆ నిద్ర చూస్తుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగో రోజు అతుకులన్నీ ఊడి, ముత్యాలయ్య ఇసుకలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ నిద్ర మళ్లీ దూరమైంది.

మర్నాడే కామాక్షమ్మ ఆ ముక్కలన్నీ మూటగట్టి బస్సు టాపు మీద వేయించి నెల్లూరు వెళ్లింది.

"కుర్చీని సముద్రంలో ముంచినావా?" పెంచలయ్య తల పట్టుకున్నాడు. "తప్పు నీదే. పైసా తిరిగిరాదు. వాయిదాలు కట్టాల్సిందే."

"ఏందయ్యా, టేకని చెప్పినావు గదా! మా పడవ ఇరవై ఏండ్లుగా నీళ్లలోనే ఉండాది. అదేమన్నా ఊడిపోయిందా?"

కొట్లో వాళ్లు ఫక్కున నవ్వారు. ఇంక కామాక్షమ్మ ఆగుతుందా! కుర్చీ కాలొకటి తీసి అందరి ముందూ తిప్పి చూపించింది. పాలిష్ పోయిన చోట పాలిపోయిన మామిడి చెక్క కనిపించింది.

"అరవబాక తల్లో," అన్నాడు పెంచలయ్య గొంతు తగ్గించి. "వేరేది ఇస్తా, తీసకపో. ఈసారిది అసలు టేకు, ఒట్టు."

"నీ కుర్చీ నాకొద్దు. నా పదిహేను నాకియ్యి, ఆ కార్డు చించెయ్!"

ఇచ్చాడు. చించాడు.

తిరుగుబస్సులో ఆమెకు కళ్లు మూతలు పడుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. పచ్చటి మళ్లూ తాటిచెట్లూ వెనక్కి వెళ్తుంటే, ఆ తగువంతా మనసులో మళ్లీ మళ్లీ ఆడించుకుంది. ఆడించిన ప్రతిసారీ పెంచలయ్య ఇంకాస్త చిన్నవాడైపోయాడు.

ఇంటి దగ్గర ముత్యాలయ్య పందిరి కింద నిలబడి ఉన్నాడు. కుర్చీ వేసే చోట ఇసుక చదును చేసి నీళ్లు చల్లి ఉంచాడు. ఆ మాత్రం పనికే రొప్పుతున్నాడు.

"ఏదీ కుర్చీ?"

"డబ్బులు రాబట్టినా మామా! ఆ షావుకారుకు..." అంటూనే ఆమె ఆగిపోయింది. తను వెళ్లింది దేనికి, తెచ్చింది ఏమిటి! బతిమాలి ఇస్తానన్న కుర్చీని పంతానికి పోయి వదిలేసి వచ్చింది.

"పోనీలే," అన్నాడు ముత్యాలయ్య. కోప్పడినా బాగుండేది.

కామాక్షమ్మ ఆ తడి ఇసుకలో కాళ్లు చాపి కూర్చుంది.

"రా మామా. నా ఈపుకు ఆనుకో."

ఆయన ఆనుకున్నాడు. బరువు కొద్దికొద్దిగా ఆమె మీదికి వచ్చింది. కాసేపటికి ఆయాసం నెమ్మదించి, ఊపిరి ఒక తీరున పడింది. ఆమెకు కాళ్లు తిమ్మిరెక్కాయి. మెడ మీద చీమ పాకింది. అయినా ఆమె కదల్లేదు.

పొద్దుగూకే వేళ పక్కింటి పేరమ్మ అటుగా వచ్చి, "ఏందక్కా, అట్టా కూచున్నావు?" అంది.

"కుర్చీని పేరమ్మా," అంది కామాక్షమ్మ మెల్లగా. "గట్టిగా మాట్లాడబాక."