పెదాలు కనపడని పెద్ద టీవీ

కొత్త టీవీ వచ్చిన దగ్గర్నుంచి సైమా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. మాచర్ల బజార్లో బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికొస్తే గుమ్మంలోనే తల్లి రషీదా అందుకుంటుంది.

"ఈ దిక్కుమాలిన టీవీ నాకొద్దే. పాతదే తెచ్చియ్యి."

పాతదెక్కడుంది? పాతసామాన్ల బండివాడు ఎత్తుకుపోయాడు. అది చిన్న డబ్బా టీవీయే గానీ, అందులో మనుషుల పెదాలు తేటగా కనపడేవి. రషీదాకు కావలసిందల్లా అదే. ఆవిడ వయసులో ఉన్నన్నాళ్లూ నాపరాళ్లు కోసే మిల్లులో పనిచేసింది. ఆ రంపాల మోతలో మాట వినపడదు గనక అక్కడి ఆడవాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి కబుర్లాడుకునేవాళ్లు. చెవులు పూర్తిగా పోయాక ఆ అలవాటే ఆవిడకు దిక్కయింది.

సాయంత్రం వచ్చే సీరియల్ హిందీలో తీసింది. తెలుగు మాటలు తర్వాత అతికించారు. వీధిలోని ఆడవాళ్లు ఆ తెలుగు వింటుంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే రషీదా మాత్రం తెర మీది వాళ్ల పెదాల్లో అసలు హిందీ మాటలే పట్టేసేది. "వాడన్నది అది కాదే, ఇంకా చానా గట్టిగా తిట్టాడు!" అని పక్కింటామెకు చెప్పి పకపకా నవ్వేది. ఇప్పుడా నవ్వు లేదు. పెద్ద తెర మీద మొహాలన్నీ అలుక్కుపోయాయి మరి.

సైమా చేయగలిగిందంతా చేసింది. ఇంత టీవీ కొని పక్కన ఖాళీ వదిలేస్తే ఎట్టా అని బొమ్మను తెరంతా సాగదీసింది. షార్ప్‌నెస్ చివరిదాకా పెంచింది. మొహాలు రొట్టెల్లా వెడల్పయ్యాయి, పెదాల చుట్టూ తెల్లగీతలు తేలాయి. రషీదా తెరకు ముక్కు ఆనించి చూసేది, కళ్లు నొప్పెట్టి మంచమెక్కేది.

ఆదివారం సీరియల్ వేళకు కేబుల్ జిలానీని బతిమాలి పిలిపించింది.

"ఏంది బేటీ, ఇట్టా లాగి పెట్టావ్? టీవీ కొత్తదే గానీ ఛానెల్ పాత రకంది. ఎంత లాగితే అంత చెదిరిపోద్ది" అన్నాడాయన.

కేబుల్ డబ్బా నుంచి టీవీకి ఉన్న మూడు రంగుల వైరు పీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టాడు. షార్ప్‌నెస్ బాగా దించాడు. బొమ్మను అసలు కొలతకు తెచ్చేసరికి రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చాయి. రషీదా కుర్చీని టీవీకి దూరంగా గోడవారకు జరిపాడు.

"అద్దంలా మాత్రం రాదు. ఖాలాకు ఇది సరిపోద్ది" అని రషీదా వైపు చూపించి వెళ్లిపోయాడు.

పట్టీలు చూసి సైమా ఉసూరుమంది. కానీ తల్లి పెదాలు సీరియల్ పిల్ల పెదాలతోపాటే కదలడం మొదలుపెట్టాయి.

"దొంగమొహంది, అబద్ధం చెబుతోంది చూడు!" అంది రషీదా.

హమ్మయ్య, ఇక తన జోలికి రాదు అనుకుంది సైమా. పొయ్యి దగ్గరకు పోయి టీ పెడుతూ, "బాగుందా అమ్మీ? ఇకనన్నా నన్నొదిలేస్తావా?" అంది విసుగ్గా.

వెనక్కి తిరిగితే తల్లి టీవీ చూడటం లేదు, తననే చూస్తోంది.

"ఏందో అన్నావ్?"

"ఏం లేదులే."

"ఎప్పుడూ ఏం లేదనే అంటావ్. ఆ టీవీలో వాళ్లే నయం, నా వైపు తిరిగి మాట్లాడతారు. నువ్వు ఇంటికొచ్చిందగ్గర్నుంచి నాకు నీ వీపే కనపడుద్ది" అంది రషీదా.

సైమా పొయ్యి కట్టేసి వచ్చి తల్లి ఎదురుగా కింద కూర్చుంది.

"కాళ్లు లాగుతున్నాయమ్మీ" అంది మొహమెత్తి.

రషీదా టీవీ కట్టేసింది.

"ఇంకా చెప్పు" అంది.