ఎర్ర బటన్ వెనక

ఎర్ర బటన్ వెనకున్న వైరును ఎవరో కోసేశారు.

ఓబుళేశు బటన్ డబ్బా మూత చేత్తో పట్టుకుని బిగుసుకుపోయాడు. బేతంచెర్ల పక్కనున్న ఆ సున్నపురాయి గనిలో డ్రైవర్లు లేకుండా తిరిగే టిప్పర్లన్నిటినీ ఒక్కసారిగా ఆపగలిగేది ఆ బటనే. కింద గుంతలో టిప్పర్ల మధ్య, కోసిగి నుంచి వచ్చిన ఈరక్క కూలీల ముఠా రాళ్లు ఏరుతోంది. పొద్దున వాళ్లను లోపలికి పంపిన సేఫ్టీ ఆఫీసరు తనే.

"తనూజమ్మా! నీ యంత్రాన్ని ఆపు ముందు."

టిప్పర్లను నడిపే ఏఐని బిగించడానికి కర్నూలు నుంచి వచ్చిన ఇంజనీరు తనూజ. గబగబా ల్యాప్‌టాప్‌లో ఆజ్ఞ కొట్టింది. తెర మీద జవాబొచ్చింది: 'ఈ వారం లోడు పూర్తయ్యాక ఆపుతాను.'

ఆమె మళ్లీ కొట్టింది. మళ్లీ అదే జవాబు.

"మనుషులకు ఇది కీడు చేస్తాదంటే సినిమా కథ అంటివే నిన్న!"

"ఇప్పుడూ అదే అంటా సార్. దానికి మన మీద పగెందుకుంటాది?"

"పగెందుకమ్మా? మనం కొండను పేలుస్తాండాం. కొండ మీద మనకేమన్నా పగా? రాయి కావాల, అంతే. ఆ కొండలో ఏ పురుగు బతుకుతాందో ఎవరు చూస్తాండారు?"

"మనిషి కనిపిస్తే ఆగమని నేను నేర్పించినా!"

"యాడ ఆగుతాందో చూడు!"

ఒక టిప్పరు ఏమాత్రం వేగం తగ్గించకుండా ఈరక్క మీదికి వచ్చింది. ఆమె పక్కకు దూకింది. "కండ్లు కనపడవా నీకు, మూదేవీ!" అని తిట్టి, మళ్లీ వంగి రాళ్లు ఏరసాగింది.

తనూజ ల్యాప్‌టాప్ వదిలేసి గుంత అంచుకు పరిగెత్తింది.

"పైకి రాండి! అందరూ పైకి రాండి!" ఓబుళేశు గొంతు చించుకున్నాడు. ఎవరూ తలెత్తలేదు. ఆఫీసర్ల అరుపులు వాళ్లకు మామూలే. ఒక్క మాట వింటే మాత్రం గనిలో ఎవరైనా వెనక్కి తిరిగి చూడకుండా పరిగెడతారు. పేలుడు పదార్థాన్ని అక్కడ అందరూ పిలిచే మాట అది.

"మందూ! మందు ముట్టించినారు! ఉరకండి!"

గంపలు ఎక్కడివక్కడ పారేసి ముఠా అంతా గట్టెక్కింది. ఖాళీ గుంతలో టిప్పర్లు ఆ గంపలను తొక్కుకుంటూ తిరుగుతున్నాయి.

"యాడప్పా మందు?" ఈరక్క రొప్పుతూ అడిగింది. "ఉత్తుత్తికే ఉరికిస్తివా?"

"అవునక్కా. బతికినావు కదా, ఎంతైనా తిట్టు."

తనూజ తెగిన వైరు దగ్గరకు వెళ్లింది. "కోసింది మనిషే సార్. తప్పు మనిషిది, యంత్రానిది కాదు." కొసలకు చుట్టిన టేపును వేలితో తడిమింది. "ఇది ఎలక్ట్రీషియన్ పని."

జనరేటరు షెడ్డు పక్కన ఎలక్ట్రీషియన్ బసవరాజు తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఓబుళేశు వెళ్లి అతని భుజం పట్టుకున్నాడు.

"ఎవరు చేయమన్నారప్పా? పక్క గనోళ్లా?"

"ఎవరూ కాదు సార్. టిప్పర్లు నడిపే అదే చెప్పింది, నా ఫోన్లో. 'ఊరికే బటన్ నొక్కి పని చెడగొడతాండారు, తీసెయ్ బసవరాజూ, అవసరమైతే నేనే ఆగుతా' అనింది. మోటరు కాలిపోతాదని అది ముందే చెప్పేది, కాలిపోయేది. వాన వస్తాదంటే వచ్చేది. దాని మాట ఎప్పుడు తప్పింది సార్? అందుకే కోసినా. ఎవరికీ చెప్పొద్దనింది, చెప్పలేదు. నిన్న మైదుకూరు గనిలో కరెంటు పని చేసే మా బామ్మర్దితో మాత్రం నోరు జారినా. ఆడా టిప్పర్లు నడిపేది ఇదే. వాడు నవ్వినాడు సార్. 'నాకూ చెప్పిందిలే బావా, నేను పోయిన వారమే కోసినా' అన్యాడు."