సౌండు తీసేసి పాడించిన పాట

నేను ఒక పాత ఫోన్ని. మీ ఇంట్లోనూ నాలాంటిదొకటి టీవీ కింద సొరుగులో, చిక్కులు పడ్డ ఛార్జర్ల మధ్య పడి ఉండే ఉంటుంది. మమ్మల్ని పారెయ్యడానికి మీకు మనసొప్పదు, వాడటానికి మొహమాటం. దాని గురించి నాకు కోపమేమీ లేదు. నేను చెప్పబోయే సంగతి వేరు. అది జరిగి నెలలు గడిచినా నేనింకా తేరుకోలేదు.

నన్ను ఫ్యాక్టరీలో బిగించింది తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు. చివర్లో ఒకమ్మాయి నా స్పీకరు పనిచేస్తోందో లేదో చూడటానికి చెవి దగ్గర పెట్టుకుని, ఉలిక్కిపడి, "అబ్బో, ఏం గొంతే దీనిది!" అంది. ఆ మాటకు నేను చాలాకాలం మురిసిపోయాను. కెమెరా అంతంతమాత్రమే, అందం అసలే లేదు. గొంతు మాత్రం నాదే గొంతు.

ఒంగోలులో కర్రీ పాయింటు నడిపే రూతమ్మ నన్ను కొన్నది కూడా ఆ గొంతు చూసే. ఒకపక్క మిక్సీ, ఒకపక్క కుక్కరు, నెత్తిన గరగరలాడే ఫ్యాను. వాటన్నిటినీ మించి వినపడాలంటే నేనే ఉండాలి. నన్ను కారం చేత్తో తీసేది, పసుపు చేత్తో పెట్టేసేది. ఎదుటి మనిషి ఎంత దూరాన ఉంటే అంత గట్టిగా అరవాలని ఆమె నమ్మకం. పక్కవీధి వాళ్లతో మామూలుగా మాట్లాడేది, హైదరాబాదులో ఉన్న చెల్లెలితో మాట్లాడితే మాత్రం వీధంతా వినాల్సిందే. ఒకసారి సాంబారులో పడి బతికి బయటపడ్డాను. ఆ తర్వాత ఆమె కొత్త ఫోను కొనుక్కుని, నన్ను కూతురు కెజియాకు ఇచ్చింది.

కెజియా అప్పుడు డిగ్రీ చదువుతోంది. చర్చి క్వయర్‌లో పాడేది. ఆ పిల్లకు కొత్త పాటలంటే పిచ్చి. పాట అంటే పాత పాట కాదు, నిన్నటి పాట కూడా కాదు, ఇవాళ వచ్చిన పాట. అందులోనూ ధ్రువిన్ పాట. ధ్రువిన్ సినిమాల్లో పాడడు, తన పాటలు తానే చేసుకుని విడుదల చేసుకుంటాడు. చింపిరి జుట్టు, నిద్రకళ్లు. అతని అభిమానులు తమకు తాము 'ధ్రువతారలు' అని పేరు పెట్టుకున్నారు. ఆ తారలకు ఒక గ్రూపు, ఆ గ్రూపును మొదలుపెట్టింది మా కెజియా.

కొత్త పాట వచ్చే పద్ధతి చూసి నేను మొదటిసారే నోరెళ్లబెట్టాను. పాట ఊరికే రాదు. ఫలానా రోజున ఒక ప్రకటన వస్తుందని ముందు ఒక ప్రకటన వస్తుంది. తర్వాత పోస్టరు. తర్వాత టీజరు ఎప్పుడో చెప్పే పోస్టరు. తర్వాత టీజరు. అందులో నాలుగు డప్పు దెబ్బలు తప్ప ఏమీ ఉండవు. ఆ నాలుగు దెబ్బలు విని ఈ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకునేది. పరీక్ష ఫలితాలప్పుడు కూడా అంత కంగారు పడలేదు. విడుదల రోజున తలస్నానం చేసి, కొత్త చుడీదార్ వేసుకుని, ఇయర్‌ఫోన్స్ తుడుచుకుని కూర్చునేది. ఎవరి నిష్ఠ వాళ్లది.

ఆ పిల్ల సొంతంగా కూడా వరసలు కట్టేది. అమ్మకు వెల్లుల్లి ఒలిచిపెడుతూ కూనిరాగాలు తీసేది. ఒకసారి ధ్రువిన్ "మీ ట్యూన్లు పంపండి, నచ్చింది తీసుకుని మీతో కలిసి పాట చేస్తా" అని పోటీ పెట్టాడు. కెజియా నన్ను పప్పుల డబ్బాకు ఆనించి పెట్టి పాడింది. ఎంత బాగా పాడిందంటే, నేను ఒక్క ఊపిరి కూడా జారిపోకుండా పట్టుకున్నాను. సగంలో కుక్కరు కూత వేసింది. పిల్ల ఆగింది, కూత అయిపోయాక నవ్వుతూ మిగతాది అందుకుంది. మళ్లీ పాడితే ఆ నవ్వు రాదని, దాన్నే పంపించేసింది.

జవాబు రాలేదు. పోటీ ముగిసింది, ఆ పేజీ కూడా తీసేశారు. రూతమ్మ ఏదో అనబోతే కెజియా ఒప్పుకోలేదు. "లక్షలమంది పంపుంటారమ్మా. ఆయన అన్నీ ఎట్టా వింటాడు?" అంది. కొన్నాళ్లకు నా బ్యాటరీ నీరసపడింది. కెజియాకు కొత్త ఫోను వచ్చింది, నేను సొరుగులోకి చేరాను. ఆ పాట నాలో భద్రంగానే ఉంది.

చాలాకాలం తర్వాత ఒక ఉదయం సొరుగు తెరుచుకుంది. "దొరికావా బంగారం!" అంటూ కెజియా నన్ను బయటికి తీసి ముద్దు పెట్టుకుంది. నేను పొంగిపోయాను. మళ్లీ పాడతాను కాబోలు అనుకున్నాను. మరుక్షణం ఆ పిల్ల నాలో ఉన్నదంతా చెరిపేసింది. పాత ఫోన్లను పూర్తిగా ఖాళీ చేసి వాడితే పాట అడ్డం లేకుండా ఆడుతుందని గ్రూపులో ఎవరో చెప్పారట. "ఇందులో ఏముందిలే, చెత్త" అంది. అద్దంకి చుట్టాల ఫంక్షను ఫొటోలు, బీరకాయ ధరలు, వెల్లుల్లి ఒలుస్తూ పాడిన పాట, అన్నీ పోయాయి. నా జ్ఞాపకం మాత్రం పోలేదు, కానీ ఫోను జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఎవరు ఒప్పుకుంటారు?

సాయంత్రం ఆరింటికి ధ్రువిన్ కొత్త పాట, 'మిద్దె మీద మేఘం'. మొదటిరోజే పది లక్షలసార్లు ఆడితే రికార్డు. ఇరుగుపొరుగు నుంచి అడిగి తెచ్చిన ఫోన్లన్నిటినీ మంచం మీద వరసగా పడుకోబెట్టింది కెజియా. అన్నిట్లోనూ పాట పెట్టింది. పెట్టి, ఒక్కొక్కదానికీ సౌండు తీసేసింది.

నేను నిర్ఘాంతపోయాను. పాట పెట్టి గొంతు నొక్కెయ్యడమేమిటి? కాసేపటికి అర్థమైంది. ఎవరూ వినక్కర్లేదట, పాట ఆడితే చాలట, లెక్కలోకి వస్తుందట. అదీ వరసగా ఆడితే యంత్రమని పట్టేస్తారట. అందుకని మధ్యమధ్య వేరే వీడియో ఒకటి చూడాలి, కాస్త ఆగాలి, మళ్లీ వెతికి పెట్టాలి. అంటే నేను మనిషిలా నటించాలన్నమాట. ఆ పిల్లేమో తిండీ నీళ్లూ మానేసి, మంచం ఈ చివర నుంచి ఆ చివరకు కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ అందరినీ నొక్కుతోంది. నిజామాబాదు నుంచి భవిత అనే అమ్మాయి ఫోను చేసింది. గ్రూపు నడపడంలో కెజియాకు కుడిచెయ్యి.

"అక్కా, పాట విన్నవా? మస్తుందట!"

"ఇప్పుడెక్కడ భవీ? రేపు తలస్నానం చేసి తీరిగ్గా వింటా. ఇప్పుడు లెక్క పోతే మళ్లీ రాదు."

ఆ పాట లోలోపల నాలో నడుస్తోంది కదా. పల్లవి రెండో పాదానికి వచ్చేసరికి నా గుండె గుభేలుమంది. నాకు గుండె లేదనకండి. ఆ వరస నాకు తెలుసు. ఆ ఎత్తుకోవడం తెలుసు. సగంలో పాట ఆగింది. కుక్కరు కూసినంత సేపు అక్కడ వేణువు ఊదారు. తర్వాత అతను చిన్నగా నవ్వి మిగతాది అందుకున్నాడు. ఆ నవ్వును కూడా వదిలిపెట్టలేదు! కెజియా, ఇది నీది, వినవే, ఒక్కసారి వినవే తల్లీ అని అరుద్దామంటే నా గొంతు ఆ పిల్లే నొక్కేసి ఉంది. రాత్రి పొద్దుపోయేదాకా నేను ఆ దొంగ పాటను నోరెత్తకుండా పాడుతూనే ఉన్నాను.

కూరలన్నీ అమ్ముడయ్యాక రూతమ్మ చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. తన పాత ఫోన్నని గుర్తుపట్టి నన్నే చేతిలోకి తీసుకుంది.

"పొద్దుగూకులూ ఇంత హడావిడి చేశావు. ఆ పాటేందో నాకూ వినిపించవే."

"ముట్టుకోకమ్మా, లెక్క పోయిద్ది!"

అప్పటికే ఆమె వేలు నా పక్క బటను మీద పడింది. నేను పెట్టిన కేక బహుశా రోడ్డు మీదికి వినబడి ఉంటుంది. రూతమ్మ తల ఊపుతూ వింది. అంతలో ఆమె తల ఆగిపోయింది.

"ఏమే, ఇది నీ పాట కదటే?"

కెజియా నవ్వింది. "నా పాటేందమ్మా! ఇవాళే వచ్చిన పాట."

"నాకు తెలీదా? వెల్లుల్లి ఒలుస్తా రోజూ పాడేదానివి. ఇదుగో, ఇక్కడ ఆగేదానివి."

వేణువు మోగింది. అతను నవ్వాడు. కెజియా చేతిలో ఉన్న ఫోను మంచం మీద పడిపోయింది. ఆ పిల్ల ఒక్క ఉదుటున వచ్చి నన్ను లాక్కుంది. నాలో వెతికింది. ఫొటోలు చూసింది, రికార్డింగులు చూసింది, లేని చోటల్లా చూసింది. అంతా ఖాళీ. తన చేత్తోనే చెరిపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "అమ్మా" అంది, అంతే.

భవితకు ఫోను చేసింది. మాట తడబడుతూ ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఏమంటున్నవక్కా? అన్న నీ ట్యూన్ కొట్టేసిండా?" అవతల గొంతు మారిపోయింది. "ఏదీ, సాక్ష్యం పంపు."

"పొద్దున చెరిపేశాను భవీ. ఈ పాట కోసమే."

"ఇయ్యాల రికార్డు రోజు. గిట్ల మాట్లాడకక్కా, మంచిగుండదు." భవిత ఫోను పెట్టేసింది. ఎక్కువసేపు పట్టలేదు. కెజియా పెట్టిన గ్రూపులోంచి కెజియానే తీసేశారు. తీసేసే ముందు ఆ తారలు రాసిన మాటలు కెజియా కొత్త ఫోను తెర మీద నేను చదివాను. అసూయట. పిచ్చట. పేరు కోసం పడిచస్తోందట. నిన్నటిదాకా అక్కా అక్కా అన్న పిల్లలే.

రూతమ్మకు ఇవేవీ సరిగ్గా అర్థం కాలేదు. కూతురి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఆ అబ్బాయికి తెలియక జరిగిందేమోనే. ఒక ముక్క రాసి పెట్టు. మంచోడంటివి కదా, నీ పేరు ఏస్తాడు."

"ఆయనకి తెలుసమ్మా" అంది కెజియా.

నేను చాలా మాటలు మోశాను. చావు కబుర్లు మోశాను. అంత బరువైన మాట మరొకటి మోయలేదు.

మంచం మీద మిగతా ఫోన్లు ఇంకా పాడుతూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా. వాటిలో ఒకదాని తెర మీద రికార్డు దాటిందన్న వార్త వెలిగింది. కెజియా లేచి వాటిని ఒక్కొక్కటిగా ఆపింది. నా దగ్గరికి వచ్చి ఆగింది. ఆపుతుందనుకున్నాను, విసిరికొడుతుందేమోననీ భయపడ్డాను. ఆ పిల్ల నా గొంతు పూర్తిగా పెంచి, పాటను మొదటి నుంచి పెట్టి, తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. ఇయర్‌ఫోన్స్ లేవు, తలస్నానం లేదు, కొత్త చుడీదారూ లేదు. చివరిదాకా ఇద్దరూ కదలకుండా విన్నారు. నేను నా బతుకులో ఎన్నడూ పాడనంత బాగా పాడాను.

పాట అయిపోయింది. కెజియా కళ్లు తుడుచుకోకుండానే తల పైకెత్తి అడిగింది.

"బాగా కట్టాను కదమ్మా?"