రుద్దినకొద్దీ పెరిగే మరక

మరకకి కూడా ఒక మర్యాద ఉంటుంది. రుద్దితే తగ్గుతుంది, లేదా మొండికేసి ఉన్నచోటే కూర్చుంటుంది. రుద్దినకొద్దీ పెరిగే మరకని అద్దం మాస్టారు ముప్ఫై రెండేళ్ల వృత్తిలో ఎక్కడా చూడలేదు. మంగళవారం పొద్దున బానెట్ మీద అరచేయంత ఉన్న నీలిమచ్చ బుధవారం సాయంత్రానికి పళ్లెమంత అయింది. గురువారం మధ్యాహ్నానికి చాటంత అయి, పక్కనున్న ఇంకో మచ్చని చుట్టరికం కలుపుకోవడానికి బయల్దేరింది.

పాత కార్లకి మెరుగు పెట్టడం ఆయన పని. పనంతా అయ్యాక బానెట్ మీదికి వంగి తల దువ్వుకుంటాడు. పాపిడి సరిగ్గా కనిపిస్తేనే కారు అప్పజెబుతాడు. అందుకే అద్దం మాస్టారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఈ కారు వయసు యాభై రెండేళ్లు. రంగు ఆకుపచ్చ. కాగితాల్లో కూడా అదే రాసుంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు మీద ఇంతవరకూ ఇంకో రంగు పడలేదు, దాని గొప్పంతా అదే. శనివారం పాత కార్ల క్లబ్బు నుంచి పరీక్ష చేసే ఆయన వస్తాడు. అసలు రంగు నిలబెట్టుకున్న కార్ల జాబితాలోకి దీన్ని ఎక్కించాలా వద్దా తేలుస్తాడు. కాబట్టి మచ్చ మీద రంగు పూయడానికి లేదు. గట్టిగా రుద్దడానికీ లేదు, ఆ కాలపు రంగు ఉల్లిపొర. రెండు చేతులు ఎక్కువ పడితే కింద అడుగుపూత, ప్రైమర్, బయటపడుతుంది.

షెడ్డు కప్పులోంచి ఏళ్ల తరబడి సున్నపునీళ్లు కారాయి. అవి రంగుని కొరికి అక్కడక్కడా నీలంగా మార్చేశాయని మాస్టారు నిర్ణయించాడు. మొదట సబ్బునీళ్లు, తర్వాత మురికి లాగేసే మెత్తటి క్లే ముద్ద, ఆ తర్వాత వేలికి గుడ్డ చుట్టి పిసరంత పాలిష్. అన్నీ శాస్త్రప్రకారమే చేశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఆ ఇంట్లో అందరికీ ఈ విద్య వచ్చు. కోడలు బేకింగ్ సోడా డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆవిడ భర్త, అంటే కారు యజమాని, గంటకోసారి ఆఫీసు ఫోన్ చెవికి పెట్టుకునే వచ్చి, మచ్చ చూసి, నాలుక చప్పరించి వెళ్లేవాడు. ఎవరో వీడియోలో టూత్‌పేస్టుతో రుద్దుతున్నారని రెండుసార్లు చెప్పాడు. మాస్టారు పళ్లు నూరుకున్నాడు, టూత్‌పేస్టు లేకుండానే.

వీళ్లందరి మీదా యజమాని తల్లి. డెబ్బై ఆరేళ్ల పెద్దావిడ. పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి షెడ్డు గుమ్మంలో వేసుకుని కూర్చునేది.

"అది మరక కాదు నాయనా. మన కారు నీలం" అంది మొదటిరోజే.

మాస్టారు ఆకుపచ్చ కారుని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆవిడ వెనకాల నిలబడ్డ కొడుకు కణత దగ్గర వేలు తిప్పి సైగ చేశాడు. మాస్టారికి అర్థమైంది. "అవునమ్మా" అన్నాడు, పసిపిల్లలతో అన్నట్టు.

తర్వాత కొడుకు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి సంగతంతా చెప్పాడు. అమ్మకి మతిమరుపు మొదలైంది. ఇదిగో, ఈ కారు రంగే సాక్ష్యం. ఇరవై ఏళ్లుగా నీలం అంటుంది. మొన్న పాలు పొంగబెట్టింది, అప్పట్నుంచి స్టవ్ ముట్టుకోనివ్వడం లేదు. వీధి తాళం కూడా తీసేసుకున్నారు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఆపైన రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండటానికి ఒక ఆయాని పెడతారు. ఆవిడ ఒక్కతే గేటు దాటడం ఇక ఉండదు.

"పాలు మా ఇంట్లో వారానికి రెండుసార్లు పొంగుతాయి సార్" అందామనుకున్నాడు మాస్టారు. అనలేదు. మనకెందుకు, మన మచ్చ మనకి చాలు అనుకున్నాడు. రోజుకి పదిసార్లు ఆవిడ "నీలం నాయనా" అంటే పదిసార్లూ "అవునమ్మా" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది ఆవిడ గొడవ.

గురువారం సాయంత్రం కొడుకు ఫోన్ పక్కనపెట్టి మరీ వచ్చాడు. చాటంత మచ్చ చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏంటి మాస్టారూ ఇది? తగ్గించమని ఇస్తే పెంచుతారా? మీకంటే ఆ వీడియోవాడే నయం!"

"అయితే వాణ్నే పిలిపించుకోండి సార్! మూడు రోజుల్నుంచి నడుం పడిపోయేట్టు రుద్దుతున్నాను. ఇది కారా, కొరివిదెయ్యమా?" మాస్టారు చేతిలో గుడ్డని బకెట్లోకి విసిరికొట్టాడు. గురి తప్పి అది పెద్దావిడ కాళ్ల దగ్గర పడింది.

ఆవిడ వంగి తీసింది. నేల మీద గుడ్డ చూస్తే ఊరుకోలేని మనిషి. మడత పెట్టబోతూ ఆగి, వెలుతురులోకి పట్టి చూసింది.

"నాయనా, ఆకుపచ్చ గుడ్డ ఉతికితే, రంగు పోయేదైతే, నీళ్లు ఏ రంగొస్తాయి?"

"ఆకుపచ్చే వస్తాయమ్మా" అన్నాడు మాస్టారు విసుగ్గా.

"మరి ఇదేంటి?"

గుడ్డ మీద ఉన్నది కాచిన టీ నీళ్ల రంగు. పసుపూ కాదు, గోధుమా కాదు. "అవున..." అని అలవాటుగా మొదలుపెట్టి, మాస్టారు గుడ్డ అందుకున్నాడు. ఎర్ర కారు రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది, నల్ల కారు రుద్దితే నల్లబడుతుంది. పాత రంగుల సంగతి మొదటి నెల పనివాడికి కూడా తెలుసు. తాడు మీద పదకొండు గుడ్డలు ఆరుతున్నాయి. ఒక్కదాని మీదా ఆకుపచ్చ లేదు. మూడు రోజులుగా వాటిని ఉతికి ఆరేసింది తనే.

స్క్రూడ్రైవర్ తీసుకుని కారు వెనక్కి వెళ్లాడు. నంబరు ప్లేటు మరలు తుప్పు పట్టి చచ్చినా కదల్లేదు. తిట్టుకుంటూ నూనె వేసి, మళ్లీ తిట్టుకుంటూ తిప్పాడు. ప్లేటు ఊడి చేతికొచ్చింది.

దాని కింద కారు నీలంగా ఉంది. ఎండలో ఆరేసిన బడి చొక్కా నీలం. యాభై రెండేళ్లుగా గాలీ చెయ్యీ తగలని ముక్క.

"ప్లేటు కింద వేరే రంగు వేసుంటారు" అన్నాడు కొడుకు.

"ఎవడేస్తాడు సార్, ప్లేటు కింద జానెడు ముక్కకి వేరే రంగు?"

మాస్టారు పెద్దావిడ వైపు తిరిగాడు. ఈసారి పసిపిల్లలతో మాట్లాడే గొంతు ఎటుపోయిందో పోయింది.

"అమ్మా, మీ అయ్యగారు దీనికి ఏదైనా రాసేవారా?"

"అవిసె నూనె" అంది ఆవిడ. "ఆదివారం ఆదివారం. మెరుపు నిలుస్తుందని ఎవరో చెప్పారట. తలుపు అంచులు, బానెట్ లోపల, చెయ్యి దూరిన చోటల్లా రాసేవారు. రాసి ఈ చీకటి కొట్లో పెట్టేవారు. వద్దండీ, జిడ్డు పట్టి పసుపెక్కిపోతోందంటే వినలేదు. వీడు పుట్టి బుద్ధెరిగేసరికే ఇలా అయింది."

పసుపెక్కిన నూనె నీలం మీద పొరలు పొరలుగా గట్టిపడింది. పసుపూ నీలం కలిస్తే ఏమవుతుందో రంగుపెన్సిళ్లు పట్టుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. సున్నపునీళ్లు పడ్డచోట ఆ నూనె ఊడింది, అంతే. మూడు రోజులుగా మాస్టారు మరకని రుద్దలేదు, మరకలోంచి కారుని బయటికి తీస్తున్నాడు.

"మరి కాగితాల్లో ఆకుపచ్చ అని ఎందుకుందమ్మా?" అన్నాడు కొడుకు, ఇంకా ఒప్పుకోలేక.

"కాగితాలు తిరగరాయించడానికి వెళ్తే గుమాస్తా రంగేంటని అడిగాడట. మీ నాన్నగారు తిన్నగా చెబుతారా? 'కాస్త పచ్చబడిందండీ' అన్నారు. ఆయన పసుపు అన్న అర్థంలో అన్నారు. అతను ఆకుపచ్చ అని రాసి ముద్ర కొట్టాడు. ఇంటికొచ్చి పడీపడీ నవ్వారు. దిద్దించండీ అంటే, 'నడిచే బండికి రంగుతో పనేంటే' అన్నారు."

"ఇదంతా ఎప్పుడూ చెప్పలేదేం?"

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. "ఎన్నిసార్లు చెప్పానో లెక్క రాసుకోలేదురా. రాసుకుని ఉంటే దానిక్కూడా డాక్టరుకి చూపించేవాడివి."

మాస్టారికి నిజంగా సిగ్గేసింది. "తప్పైపోయిందమ్మా. నేను కూడా మీ మాట వినలేదు" అన్నాడు.

"నువ్వు బయటివాడివి నాయనా. నీ మీద నాకేం కోపం లేదు" అంది ఆవిడ. ఆ మాట ఎవరికి తగలాలో వాడికి తగిలింది. తగిలినా, లోపలికి వెళ్తూ వెళ్తూ, "రంగు సంగతి వేరమ్మా, సోమవారం సంగతి వేరు" అని గొణిగాడు. మాస్టారికి ఒళ్లు మండింది. ఎవరింటి గొడవ వాళ్లది కాబట్టి ఆ మంటంతా బానెట్ మీద చూపించాడు.

శనివారం పొద్దుటికి బానెట్టూ ఎడమవైపు తలుపులూ నీలం అయ్యాయి. మిగతా కారు ఇంకా ఆకుపచ్చే. పరీక్ష చేసే ఆయన వచ్చాడు. కళ్లద్దాలు మెడలో వేలాడేసుకున్న సన్నటి మనిషి. చుట్టూ రెండుసార్లు తిరిగాడు, ప్లేటు కింద చూశాడు, చిన్న మీటరు పెట్టి రంగు మందం కొలిచాడు, కాగితాలు తిరగేశాడు.

"రంగు ఫ్యాక్టరీదే. అందులో నాకు అనుమానం లేదు. కానీ కాగితాల్లో ఆకుపచ్చ అని ఉంది. కొన్నప్పట్నుంచీ కారుని చూసినవాళ్లు ఎవరైనా ఇది నీలమేనని రాసి సంతకం పెట్టాలి."

"మా అత్తయ్య ఉన్నారు" అంది కోడలు గబుక్కున. అన్నాక భర్త మొహం చూసి నాలుక్కరుచుకుంది.

ఆయన పెద్దావిడకి నమస్కారం పెట్టి, కొడుకు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి, పెద్దవాళ్ల విషయంలో అడగడం మా పద్ధతి. అమ్మగారికి జ్ఞాపకం బాగానే ఉంది కదా?"

కొడుకు కారు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, మళ్లీ కారు వైపు చూశాడు. బాగుందంటే సోమవారం పోతుంది. బాగాలేదంటే కారు పోతుంది. వీపు మీద ఒక్కటి చరిచి ఆ మాట బయటికి రప్పిద్దామా అన్నంత విసుగొచ్చింది మాస్టారికి.

"మా ఇంట్లో అందరికంటే ఆవిడకే బాగా గుర్తుంటుంది" అన్నాడు కొడుకు చివరికి.

పరీక్ష చేసే ఆయన కాగితం, పెన్ను పెద్దావిడకి అందించాడు. ఆవిడ వాటిని తీసుకుని తిన్నగా కొడుకు చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు రాయి."

"నేనేం రాయాలి?"

"ఇప్పుడన్నావే, ఆ ముక్క. రాసి సంతకం పెట్టు. తర్వాత నేను పెడతాను."

"అమ్మా, ఇదంతా ఇప్పుడెందుకు..."

"కారు పని తొందరగా తేలాలి కదరా."

కొడుకు బానెట్ మీద కాగితం పెట్టబోయాడు. "సార్, బానెట్ మీద కాదు!" అని మాస్టారు అరిచాడు. చివరికి ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని రాశాడు. మా అమ్మగారి జ్ఞాపకశక్తి బాగుంది, మా అందరికంటే బాగుంది. కింద సంతకం.

పెద్దావిడ అక్షరం అక్షరం చదివింది. "తారీఖు వెయ్యి. సోమవారానికి ముందే రాశావని తెలియాలిగా" అంది.

వేశాడు. ఆవిడ మళ్లీ చూసింది.

"ఇవాళ పన్నెండు కాదురా, పదమూడు."

కొడుకు పన్నెండు కొట్టేసి పదమూడు వేశాడు. అప్పుడు ఆవిడ పెన్ను తీసుకుంది.