ఆఖరి మూడు వరుసలు

"కలం కడిగినవా?"

పొద్దున లేచి మా ఆయన నాతో అనే మొదటి మాట అదే. పన్నెండేళ్లుగా అదే. నేను కడిగే ఉంచుతాను. వంటింటి గూట్లో ఉప్పు జాడీ పక్కన నా సిరాబుడ్డి, రెండు కలాలు ఉంటాయి. పప్పు ఉడికేలోపు ఒక అర్జీ రాస్తాను, గంజి వార్చి వచ్చి ఇంకొకటి. మా ఆయన అమరేందర్ రావు నల్లగొండ అదాలతులో వకీలు. మాట్లాడితే ఎదుటివాడు నోరు మూసుకోవలసిందే కానీ, ఆయన ఉర్దూ రాత కోడి గీరినట్టు ఉంటుంది. మా నాయన తహశీలులో మొహరీరు, అంటే కాయితాలు రాసే గుమాస్తా. కొడుకులు లేరు కనుక తన రాత నాకు నేర్పాడు. పెళ్లయిన మూడో నెలలో మా ఆయనకు జ్వరం వస్తే ఒక అర్జీ నేను రాసిపెట్టాను. ఆనాటి మున్సిఫ్ దాన్ని చూసి, "వకీల్ సాబ్, ఇంత మంచి దస్తూరి ఇన్నాళ్లు యాడ దాచిన్రు?" అన్నాడట. ఇంటికి వచ్చి ఆ మాట నవ్వుతూ నాకే చెప్పాడు. నా భార్య రాసిందని చెప్పారా అని అడిగాను. "నీది నాది వేరేనా?" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ప్రేమలాగే వినిపించింది. అత్తమ్మ మాత్రం అంత తియ్యగా చెప్పలేదు. "ఆడిదాని రాత ఇంట్ల ఉన్నంత సేపే ఇజ్జతు పిల్లా. బయటికి తెలిస్తే వకీలుకే నామోషి" అంది.

ప్రతి కాయితం కింద ఆఖరి వరుసలో 'బకలం' అని రాసి, అది ఎవరి కలంతో రాసిందో వాళ్ల పేరు వేయాలి. రేపు తగాదా వస్తే ఆ మనిషిని పిలిచి అడుగుతారు. అర్జీల కింద నేను 'బకలం అమరేందర్ రావు' అని రాసేదాన్ని. భూమి వదులుకునే రాజీనామాలు, దస్తావేజుల కిందనైతే మా మొహరీరు భిక్షపతి పేరు. ఆ ముసలాయన చూపు మందగించి మూడేళ్లు పేరుకే మొహరీరుగా ఉండి, పోయిన వానాకాలంలో కాలం చేశాడు. ఏ కాయితం కిందా నా పేరు లేదు. కలం కడగడం మాత్రం నా పని.

శుక్రవారం అదాలతుకు సెలవు. ఆ మధ్యాహ్నాలు ఒక రెండు గంటలు నేను అదాలతులో కేసుల తారీఖులు చూసే పేష్కార్ సాబ్ ఇంటి జనానాకు, అంటే ఆడవాళ్ల లోగిలికి పోయేదాన్ని. ఆయన భార్య ఖైరున్నిసా ఆపా వాకిట్లో వేపచెట్టు నీడలో వెడల్పాటి చెక్క తఖ్తు ఒకటి వేయించింది. అది రూతమ్మ కోసం వేయించింది. రూతమ్మ పాలమూరు మిషన్ బడి పంతులు బిడ్డ. వాళ్ల తాత దొరల పొలాల్లో వెట్టి చేసినవాడు. మూడో దర్జా వకీలు పరీక్ష ప్యాసై నల్లగొండకు వస్తే, వకీళ్ల గదిలో కుర్చీ లేదన్నారు. కుర్చీలు చాలానే ఉన్నాయి, ఆమెకే లేదు. అదాలతు మెట్ల మీద కూర్చుని కేసు కాయితాలు చదువుకుంటున్న పిల్లను ఆపా బండి తెర సందులోంచి చూసి ఇంటికి పిలిపించింది. అప్పటినుంచి రూతమ్మ కచేరీ ఆ తఖ్తే. కానూనులో ఆమె దిట్ట కానీ రాత వంకర. నేను ఆమె రాత దిద్దేదాన్ని, ఆమె నాకు కానూను చెప్పేది, ఏ కేసు ఏ తారీఖున పిలుస్తారో ఆపా చెప్పేది. తిరిగి వస్తే మా ఆయన నవ్వేవాడు. "ఏం, ఆడోళ్ల హైకోర్టు ఇయ్యాల ఏం ఫైసలా ఇచ్చింది?"

ఆ శుక్రవారం తఖ్తు పక్కన నేల మీద ఒక కురుమామె కూర్చుని ఉంది. పేరు గుర్వమ్మ. భువనగిరి గుట్ట కనిపించేంత దూరంలో వాళ్ల ఊరు. మొగుడు చనిపోయాడు, ఐదెకరాల చెలక ఉంది, గొర్ల మంద ఆ చెలకలోనే పడుకుంటుంది. ఆ చెలకను ఇష్టపూర్వకంగా ఊరి దొరకు వదులుకున్నానని ఆమె వేలిముద్రతో ఒక రాజీనామా అదాలతులో ఉంది. శనివారం ఒక్కటి పోతే ఆదివారమే పేషీ, అంటే విచారణ. దొర తరఫు వకీలు మా ఆయన. అది నాకు అప్పటిదాకా తెలియదు.

"నిన్న ఆ రాజీనామా చూసిన ఆపా," అంది రూతమ్మ. "మొదాలు రాత మంచిగ విశాలంగ ఉన్నది. ఆఖరి మూడు వరుసలు మాత్రం ఇరికిచ్చి రాసిన్రు. ఆఖరి అక్షరం తోక వేలిముద్ర మీదికెక్కింది. అంటే ముందుగాల వేలు పడ్డది, ఎనుక మాట పడ్డది."

"సర్కారుకు కొలిచే లెవీ గల్ల మాఫు చేసే కాయితమన్నరమ్మా," అంది గుర్వమ్మ తన బొటనవేలి వంకే చూసుకుంటూ. "తెల్లగుండె. దానిమీద ఒక్క గీత గూడ లేదు. ఏలు నాదే, కాదంటలేను. మాట నాది గాదు."

నేను ఆపా ఇచ్చిన గిలాసలోని నీళ్లు తాగుతున్నాను. గిలాస పక్కన పెట్టేశాను.

ఆ కాయితం రాసిన మధ్యాహ్నం నాకు గుర్తుంది. స్టాంపు కాయితం అడుగున ఎడమ మూల నల్లటి వేలిముద్ర ముందే ఉంది. "ముందే ఏలెట్లేసింది?" అని అడిగాను. "పల్లెటూరోళ్లు మళ్ల మళ్ల నల్లగొండ రానీకి పురసతుంటదా? నీ పని నువ్వు చెయ్" అన్నాడు మా ఆయన. ఎన్ని వరుసలు వస్తాయో కంటితో కొలుచుకుని మొదలుపెట్టాను. సగంలో ఉండగా పొయ్యి మీద పప్పు పొంగింది. ఉరికి దించబోతే కుడి మణికట్టు మీద ఒలికింది. తిరిగి వచ్చి కూర్చునేసరికి కొలత తప్పింది. ఆఖరి మూడు వరుసలు ఇరుక్కుపోయాయి, తోక వేలిముద్రను తాకింది. ఆ రోజంతా నాకు బాధే. ఎందుకు బాధ? అక్షరాలు అందంగా రాలేదని. ఆ వేలు ఎవరిదో, ఆ మనిషికి ఈ మాటలు ఎవరైనా చదివి వినిపించారో లేదో అని కాదు. మా నాయన చూస్తే ఏమంటాడో అని. ఆ కాయితం కింద 'బకలం భిక్షపతి' అని రాసి, కలం కడిగి గూట్లో పెట్టాను.

తల ఎత్తేసరికి రూతమ్మ ఒళ్లో పోయిన వారం నేను దిద్దిన కాయితం ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. దాన్ని తిప్పి తఖ్తు మీద బోర్లించింది.

ఆమె అడిగి ఉంటే నేను అబద్ధం చెప్పేదాన్ని.

ఆ సాయంత్రం మా ఆయన హుషారుగా ఉన్నాడు. అన్నం కలుపుకుంటూ అత్తమ్మతో చెప్పాడు. "ఆ కిరస్తానం పిల్ల కురుమదాని తరపున నిలవడ్డదటనే అమ్మా. నిలవడనీ. రాసినోడు సచ్చిండు, సంతకం వెట్టిన గవాయిలిద్దరు దొర మనుషులు. ఆదివారం ఫైసలా మనదే." తరువాత నావైపు చూడకుండానే, "వచ్చే శుక్రారం సంది ఆ ఇంటికి పోకు" అన్నాడు.

నెయ్యి గిన్నె నా చేతిలో ఉంది. "ఆ కాయితం భిక్షపతి రాయలే గద" అన్నాను.

ముద్ద నోటి దగ్గర ఆగింది. ఆయన కోపగించుకుంటాడనుకున్నాను. కోపగించుకోలేదు, చిన్నగా నవ్వాడు. "మరెవరు రాసిన్రు? నాకైతే ఎరుక లేదు. నీకెరుకనా?"

నేను నెయ్యి వడ్డించాను. అత్తమ్మ వంటింట్లోకి నా వెనకే వచ్చి చెవి దగ్గర అంది. "మొగని సనదు పోతే తినేది మన్నా పిల్లా? వకీలు పెండ్లానికి ఎసట్ల బియ్యం సంగతి తెలిస్తే చాలు."

ఆమె అన్నది అబద్ధం కాదు. వకీలుగా వాదించే సనదు పోతే ఈ ఇల్లు ఉండదు. ఇల్లు ఉన్నా అందులో నాకు జాగా ఉండదు. పుట్టింట్లో నాయన లేడు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, అది నాకు వచ్చని నల్లగొండలో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. పొయ్యి ముందు కూర్చుని మణికట్టు మీది మచ్చను రుద్దుకుంటూ ఉండిపోయాను. గుర్వమ్మకు వేలు ఉంది, మాట లేదు. నాకు మాటలన్నీ ఉన్నాయి, ఒక్కదాని కిందా పేరు లేదు.

మరునాడు మామిడికాయ తొక్కు జాడీ ఒకటి పట్టుకుని, ఆపాకు ఇచ్చి వస్తానని బయలుదేరాను. "శుక్రారం గాదు గద" అంది అత్తమ్మ. "అవును, శనివారం" అన్నాను.

రూతమ్మ తఖ్తు మీద ఒక్కతే ఉంది.

"రాసినోళ్లు బతికే ఉంటే?" అని అడిగాను, కూర్చోకుండానే.

ఆమె ముందున్న కాయితాలు పక్కకు జరిపింది. "అక్కా, నేను నిన్ను గవాయి రమ్మని అడగ. నీ ఇల్లు పోతది, నాకెరుకే. నీ దస్తూరి నేను ఆనవట్టిన సంగతి గూడ అదాలతుల చెప్ప. వేరే తొవ్వ లేదు, అయినా చెప్ప."

"గుర్వమ్మ చెలక?"

"పోతది."

"నేను వస్తే ఏమడుగుతవు? ఆయన నాతోని ఏమన్నడో చెప్పాల్నా?"

"అది అడగనీకి కానూను ఒప్పుకోదు. మొగడు పెండ్లాంతోని అన్న మాట అదాలతుల చెల్లది. నువ్వేం చేసినవ్, నీ కండ్లతోని ఏం చూసినవ్, గంతే. ఆ కాయితం నీ చెయ్యి రాసిందా? రాసేనాటికి వేలిముద్ర ఉండెనా? ఈ రెండే."

నువ్వేం చేసినవ్. పన్నెండేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేను చేసినవన్నీ ఆయన చేసినవే అయ్యాయి. మంచివీ, ఇదీ. ఆయన పేరు కింద నేను దాక్కున్నానా, నా చేయి కింద ఆయన దాక్కున్నాడా? ఆలోచిస్తే రెండూ నిజమే అనిపించింది. అది ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆపా తొక్కు జాడీ లోపల పెట్టి వచ్చింది. అంతా విన్నదని ముఖంలోనే తెలుస్తోంది. "రేపు మా బండికి తెర గట్టిస్త. మా అక్క, మా ఆడబిడ్డ గూడ వస్తరు. నల్గురం పోదాం. తెర ఎనక ఎవరెవరున్నరో ఎవనికి తెలుస్తది?"

"పేష్కార్ సాబ్ గుస్సా అయితడేమో ఆపా."

"ముప్పయేండ్ల సంది అయితనే ఉన్నడు. ఇంకో దినమైతడు." తఖ్తు మీద చేత్తో తట్టింది. "ఇంటికి రానియ్యకపోతే ఇక్కడ ఇంకొకరికి జాగా ఉన్నది. రాసేటోళ్లు లేక ఈ పిల్ల ఎట్లాగూ ఇబ్బంది వడుతున్నది."

ఆదివారం పొద్దున ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి ఆయన షేర్వానీ నేనే ఇస్త్రీ చేశాను. కాలరు దగ్గర గుండీ వదులుగా ఉంటే బిగించి కుట్టాను. "కలం కడిగినవా?" అన్నాడు. కడిగాను అన్నాను. ఆయన పోయిన గడియకు ఆపా బండి వాకిలి ముందు ఆగింది. అత్తమ్మ అరుగు మీదినుంచి ఏదో అంటూనే ఉంది. నేను ఎక్కాను.

అదాలతు గదిలో ఒక పక్క పర్దా ఆడవాళ్ల కోసం మందపాటి తెర కట్టి ఉంటుంది. దాని వెనక నలుగురం నేల మీద కూర్చున్నాం. తెర ముందు మా ఆయన గొంతు. ఇంట్లో విన్న గొంతే కానీ ఇక్కడ ఇంకా పెద్దగా ఉంది. "హుజూర్, రాజీనామా రాసిన భిక్షపతి చనిపోయిండు. వేలిముద్ర తనదేనని ఈమెనే ఒప్పుకుంటున్నది. ఇగ అడిగేందుకేమున్నది?"

"రాసింది భిక్షపతి కాదు హుజూర్," అంది రూతమ్మ. "రాసిన మనిషి బతికే ఉన్నది. తెర ఎనక ఉన్నది. రాయించి చూడాలని అర్జ్ చేస్తున్న."

ఎవరో నవ్వారు. మున్సిఫ్ మూడు నెలల కిందటే వచ్చినవాడు, నవ్వలేదు. కాయితం, కలం తెర కిందినుంచి లోపలికి పంపమన్నాడు.

"మాఫ్ చెయ్యాలె హుజూర్," అన్నాడు మా ఆయన. "లోపల నలుగురు ఆడోళ్లున్నరట. ఎవరు రాస్తరో, ఎవరి పేరు చెప్తరో? చెయ్యి బయటికి పెట్టి అందరి ముందర రాయాలె."

మున్సిఫ్ సరేనన్నాడు. ఆపా నా భుజం మీద చేయి వేసింది. వేయకపోతే నేను లేచి పారిపోయేదాన్నేమో. తెర సందులోంచి నా కుడిచేయి బయటికి పెట్టాను. గాజులు తెర అంచుకు తగిలి చప్పుడయ్యాయి. మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. బయట ఏదో చెప్తున్న మా ఆయన గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.

రాజీనామాలోని ఆఖరి మూడు వరుసలు మున్సిఫ్ చదివాడు, నేను రాశాను. ఈసారి అడుగున ఎవరి వేలూ లేదు. వరుసలు విశాలంగా రాశాను.

మున్సిఫ్ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసినట్టున్నాడు. తరువాత బల్ల మీది కట్టలోంచి ఇంకేవో కాయితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. అవి మా ఆయన అర్జీలు. "వకీల్ సాబ్, ఈ దస్తూరి మీదని మొదటి దినమే నాకు చెప్పిన్రు. ఇది మీరు రాసిందా? మీరు కాదంటే, ఇవన్నీ ఎవరు రాసిన్రు?"

మా ఆయన 'అవును' అంటే ఆ దొంగ కాయితం ఆయనది. 'కాదు' అంటే పన్నెండేళ్ల దస్తూరి నాది. ఆయన ఏది చెప్తాడా అని నేను ఎదురుచూడలేదు. మున్సిఫ్ కాయితాన్ని నా చేతి దగ్గరికి తిరిగి పంపాడు. "అమ్మా, కింద బకలం వేయలేదు" అన్నాడు.

వేశాను. బకలం కౌసల్య.

కలం కడగకుండానే కింద పెట్టాను.