జ్వరం అని రాయని చీటీ

సెలవు చీటీ రాయడం ఆమె పని. కింద సంతకం పెట్టడం ఆయన పని. పెళ్ళయిన కొత్తలో గిన్నెలూ బట్టలూ ఎవరూ చెప్పకుండానే ఆమె వాటాకి ఎలా వచ్చాయో, కూతురు బడికెళ్ళడం మొదలయ్యాక అబద్ధాలు అల్లడం కూడా అలాగే వచ్చి చేరింది. జ్వరం. కడుపునొప్పి. చుట్టాలింట్లో పెళ్ళి. పోయినసారి ఏం రాసిందో గుర్తుపెట్టుకోవడం కూడా ఆమె వంతే.

పిల్లది బక్కపల్చన, ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. దానికున్నది సికిల్ సెల్. ఎండకీ అలసటకీ ఒంట్లో నీళ్ళు తగ్గితే, గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో అడ్డం పడతాయి. అప్పుడు ఎముకల్లో లేచే నొప్పికి పిచ్చుక ఏడవను కూడా ఏడవదు, దిండు కొరుకుతుంది.

"ఆ పేరు గడప దాటిందంటే ఊరుకోను. నా కూతురికి సంబంధాలు చూస్తున్నాం" అంటుంది అత్తగారు. "మా వైపు లేదమ్మా ఇలాంటిది, నీతోనే వచ్చింది" అనేది ఇంకో మాట. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు అవుతుందని డాక్టరమ్మ భర్త ఎదుటే చెప్పింది. ఆయన వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. ఇంటికొచ్చాక తల్లితో ఆ ముక్క అననే లేదు.

పోయిన వారం చీటీలో రెండు రోజులు జ్వరం, ఇప్పుడు తగ్గింది అని రాసింది. మూడో రోజు డ్రిల్లు మాస్టారు పిచ్చుకని ఎండలో మైదానం చుట్టూ నాలుగుసార్లు పరిగెత్తించాడు. నీళ్ళడిగితే "అయ్యాక తాగుదువులే" అన్నాడు. ఆస్పత్రిలో ఐదు రోజులు. మాస్టారు చూడ్డానికొచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "జ్వరం తగ్గిందని రాశారు కదమ్మా, నాకేం తెలుసు?" అన్నాడు ఏడుపు గొంతుతో. తిట్టబోయిన ఆమె, మంచం పక్కనున్న కుర్చీ మాస్టారి వైపు జరిపింది. చీటీలో దస్తూరి తనదే.

పక్క మంచం పిల్లాడి తల్లి, బట్టలు కుట్టే మనిషి, అంతా విన్నది.

"వీడికీ ఇదే జబ్బు. నేనయితే ఆ పేరు వీడి బడి సంచి మీదే కుట్టేశా. మేం పన్నెండు మంది తల్లులం ఉన్నాం, ఎవరికి కష్టమొచ్చినా ఫోన్లు చేసుకుంటాం. నీ నంబరియ్యి."

"మా ఇంట్లో ఒప్పుకోరక్కా."

"నొప్పి వాళ్ళనడిగే వస్తోందా?"

నిన్న ఇంటికొచ్చారు. ఇవాళ మళ్ళీ చీటీ రాయాలి. "టైఫాయిడ్ అని రాయి, కాస్త గౌరవంగా ఉంటుంది" అన్నాడు భర్త టీ తాగుతూ.

ఆమె రాసింది. నా కూతురికి సికిల్ సెల్ జబ్బు. ఇది అంటుకోదు. అడిగినప్పుడల్లా నీళ్ళు తాగనివ్వండి, బయటికి వెళ్ళనివ్వండి. ఎండలో, చలిలో పరిగెత్తించకండి. ఒళ్ళు వెచ్చబడినా, నొప్పి అన్నా ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యండి. ఈ చీటీ క్లాసులో అందరికీ చదివి వినిపించండి.

ఆయన చదివి పెన్ను మూత పెట్టేశాడు. "దీని కింద నా సంతకం పడదు."

"అక్కర్లేదు." మూత తీసి తనే సంతకం పెట్టింది.

"చెల్లి పెళ్ళి చెడితే?"

"చెల్లికీ, రాబోయే పెళ్ళికొడుక్కీ రక్తపరీక్ష చేయించండి. రేపు తన ఒళ్ళో ఇంకో పిచ్చుక దిండు కొరక్కుండా ఉంటుంది."

అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోగా ఆడపడుచు చీటీ అందుకుని, నిలబడే రెండుసార్లు చదివింది.

"పరీక్ష ఎక్కడ చేస్తారు వదినా?"

"బడి దారిలోనే. చెప్పులేసుకో."